పిలకాయే సూపర్ హీరో!

*ఒంటి మీద కేప్ లేదు, చేతిలో మంత్రదండం లేదు. రెండు వారాల ముందు క్లాసులో విన్న పాఠం మాత్రం గుర్తుంది. దాంతోనే పదేళ్ల పిల్ల సుమారు వంద మందిని కాపాడింది. అదే రోజు అదే సునామీ మన నెల్లూరు తీరాన్నీ తాకింది. మరి ఆ పాఠం మన పిలకాయలకు తెలుసా?*

సినిమాల్లో సూపర్ హీరో అవ్వడం చాలా ఈజీ. పీటర్ పార్కర్‌ను సాలీడు కుడితే స్పైడర్ మ్యాన్ అయిపోయాడు. బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అని ఒక్క మాట అంటే చాలు, మెరుపు మెరిసి కండలు వచ్చేస్తాయి. మన ‘హను-మాన్’లో తేజ సజ్జాకు నీళ్ల అడుగున మణి దొరికింది. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ పట్టించుకోని కుర్రాడు ఒక్క దెబ్బకు ఊరికే దిక్కయ్యాడు.

ఈ కథలన్నింటిలో మనకు నచ్చేది ఆ బలం ఒక్కటే కాదు. మనలాంటి మామూలు పిల్లోడికి అది దొరకడం నచ్చుతుంది. ‘రేపు నాక్కూడా ఇలా జరిగితే?’ అనిపిస్తుంది.

నిజంగా జరిగిన ఓ కథ ఉంది. అందులో సాలీడు లేదు, మణి లేదు. ఓ జాగ్రఫీ టీచర్ ఉన్నారు, ఓ పాత వీడియో ఉంది, సముద్రం మీద కాస్త నురగ ఉంది. ఆ కథకు మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, తూపిలిపాళెం బీచ్‌లతో చాలా దగ్గరి సంబంధం ఉంది.

ఆ ఆదివారం గడియారం

2004 డిసెంబరు 26. ముందు రోజే క్రిస్మస్. ఆదివారం, పైగా పౌర్ణమి. మన టైమ్ ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన, సముద్రం అడుగున భూమి కదిలింది. తీవ్రత 9.1. అక్కడి నుంచి ఉత్తరాన అండమాన్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున భూఫలకాలు జారాయి. సముద్రం అడుగు ఒక్కసారిగా పైకి లేస్తే, దాని మీదున్న నీళ్లు ఊరుకుంటాయా? అన్ని వైపులకూ పరుగు మొదలైంది.

సునామీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నడిసముద్రంలో అది పెద్ద అల కానే కాదు. ఆ రోజు హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లిన ఉపగ్రహం కొలిస్తే, ఆ అల ఎత్తు సుమారు అరవై సెంటీమీటర్లే. అంటే మోకాలికి కాస్త పైన! పడవలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. కానీ స్పీడు మాత్రం విమానమంత ఉంటుంది. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ ఆ స్పీడు పడిపోతుంది, వెనక నుంచి వచ్చే నీళ్లు పోగుపడి అల పైకి లేస్తుంది. మామూలు అల వచ్చి విరిగి వెనక్కి పోతుంది. సునామీ అలా విరగదు. సముద్రమే లేచి నడిచి వచ్చినట్టు నిమిషాల తరబడి లోపలికి వస్తూనే ఉంటుంది.

సుమత్రా నుంచి మన నెల్లూరు తీరం సుమారు రెండు వేల కిలోమీటర్లు. అల రావడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. ఈ రెండున్నర గంటల లెక్క గుర్తుపెట్టుకోండి. అసలు కథంతా ఇందులోనే ఉంది.

నురగ చూసి అరిచిన పిల్ల

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవి. మై ఖావో బీచ్. ఇంగ్లండ్ నుంచి సెలవులకు వచ్చిన ఓ కుటుంబం పొద్దున్నే ఇసుకలో నడుస్తోంది. అమ్మ, నాన్న, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి టిల్లీ స్మిత్‌కు పదేళ్లు.

నీళ్లు తేడాగా ఉన్నాయని ముందు గమనించింది టిల్లీనే. అలలు వచ్చి వెనక్కి వెళ్లడం లేదు. వస్తున్నాయి, ఇంకా లోపలికి వస్తున్నాయి. పైన బుడగలు బుడగలుగా నురగ తేలుతోంది. పెద్దవాళ్లకు అది ‘ఇవాళ సముద్రం కాస్త పోటు మీదుంది’ అన్నంత మామూలుగా కనిపించింది. టిల్లీకి మాత్రం క్లాస్‌రూమ్ గుర్తొచ్చింది. రెండు వారాల ముందే జాగ్రఫీ టీచర్ ఆండ్రూ కెర్నీ సునామీ పాఠం చెప్పారు. 1946లో హవాయి దీవులను ముంచిన సునామీ వీడియో చూపించారు. అందులో చూసిన గుర్తులే ఇప్పుడు కళ్లెదుట ఉన్నాయి.

టిల్లీ అరవడం మొదలుపెట్టింది. అమ్మ నమ్మలేదు. ఆకాశం చూస్తే నీలంగా ఉంది, గాలి లేదు, వాన లేదు. సెలవుల్లో ఏడుస్తున్న పిల్ల మాట ఎవరు వింటారు? అయినా టిల్లీ తగ్గలేదు. చివరికి నాన్న కదిలారు. పిల్లల్ని తీసుకుని హోటల్ వైపు వచ్చి, అక్కడి సెక్యూరిటీ గార్డుకు సంగతి చెప్పారు. పిచ్చోడనుకుంటారేమో అన్న మొహమాటం ఉన్నా చెప్పారు. సుమత్రాలో భూకంపం వచ్చిందన్న వార్త అప్పటికే విన్న ఓ జపాన్ వ్యక్తి అక్కడే ఉన్నారు. ‘సునామీ’ అన్న మాట చెవిన పడగానే ఆయన కూడా ఈ పిల్ల చెప్పేది నిజమేనన్నారు. బీచ్ ఖాళీ చేయించారు. కొద్ది నిమిషాల్లో అల వచ్చింది. టిల్లీ వాళ్లమ్మ ఆఖరున బీచ్ వదిలినవాళ్లలో ఒకరు.

ఆ రోజు ఫుకెట్‌లో చావు లేకుండా బయటపడ్డ కొద్ది బీచ్‌లలో మై ఖావో ఒకటి. కాపాడింది సుమారు వంద మందిని. ఆ పిల్ల పేరు ఇప్పుడు ఆకాశంలో కూడా ఉంది. ఓ గ్రహశకలానికి ‘20002 టిల్లీస్మిత్’ అని పేరు పెట్టారు.

మన వైపు ఏం జరిగింది?

అదే సునామీ తమిళనాడును, పుదుచ్చేరిని, మన కోస్తాను తాకింది. తమిళనాడులో వేల మంది పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవాళ్లు వందకు పైనే. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల తీరాలకు పెద్ద దెబ్బ తగిలింది. ఒడ్డున ఉన్న పడవలు, వలలు కొట్టుకుపోయాయి. పట్టపుపాళేల్లో చాలా కుటుంబాలకు ఆ పడవే ఇల్లు, ఆ వలే జీతం. మొత్తం 14 దేశాల్లో కలిపి సుమారు 2.3 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు.

మన దగ్గర రెండున్నర గంటల టైమ్ ఉంది. అయినా ఎవరూ చెప్పలేదు. హిందూ మహాసముద్రానికి అప్పట్లో సునామీ హెచ్చరిక వ్యవస్థ లేనే లేదు. మన తీరంలో చాలామంది ‘సునామీ’ అన్న మాట మొదటిసారి విన్నది ఆ రోజే. తుపాను అంటే నెల్లూరు వాళ్లకు కొత్తేం కాదు. గాలి వాసన చూసి చెప్పేయగల పెద్దలున్నారు. కానీ తుపాను రోజుల ముందు కబురు పంపి వస్తుంది. ఇది మంచి ఎండలో, ప్రశాంతమైన ఆదివారం పూట వచ్చింది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ‘సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుంది’ అని మనం అందరం వింటుంటాం. నిజమే, థాయ్‌లాండ్ వైపు చాలా చోట్ల అలాగే జరిగింది. కానీ మన తూర్పు తీరానికి మొదట వచ్చింది పోటు. నీళ్లు ముందు పైకి వచ్చాయి, ఆ తర్వాత వెనక్కి పోయాయి, మళ్లీ వచ్చాయి. సముద్రం అడుగు ఒకవైపు పైకి లేచి, ఇంకోవైపు కుంగడమే ఈ తేడాకు కారణం. అంటే సముద్రం వెనక్కి పోయేదాకా ఆగుదాం అనుకుంటే మన తీరంలో ఆలస్యం అయిపోవచ్చు. ఆ రోజు పొద్దున చెన్నైతో పాటు కోస్తాలో కొన్ని చోట్ల భూమి కొద్దిగా అదిరింది. గిన్నెలు కదిలాయి, అందరూ కాసేపు మాట్లాడుకున్నారు, మళ్లీ పనుల్లో పడిపోయారు. ఆ అదురుకూ సముద్రానికీ ఉన్న లింకు తెలిసిన పిలకాయ ఒక్కరున్నా...

అవ్వ చెప్పిన కథే సైరన్

‘మన దగ్గర అలాంటి బడులు, వీడియోలు ఎక్కడివిలే’ అనుకుంటున్నారా? అయితే సిమెలూ దీవి సంగతి వినండి. సుమత్రా పక్కనే, భూకంప కేంద్రానికి అత్యంత దగ్గరున్న దీవి ఇది. అక్కడ ఉన్నది సుమారు 78 వేల మంది. అల నిమిషాల్లో వచ్చేసింది. చనిపోయింది ఏడుగురు మాత్రమే.

వాళ్లకు యాప్ లేదు, సైరన్ లేదు. ‘స్మోంగ్’ అనే ఒక మాట ఉంది. 1907లో ఆ దీవిని ఓ సునామీ తుడిచిపెట్టింది. బతికినవాళ్లు ఆ సంగతిని కథ చేశారు, జోలపాట చేశారు. భూమి గట్టిగా ఊగితే, సముద్రం తేడాగా కదిలితే కొండెక్కు - ఇదే ఆ పాట సారం. తొంభై ఏడేళ్ల తర్వాత, భూమి ఊగగానే ‘స్మోంగ్’ అని ఎవరో ఒకరు అరిచారు. ఊళ్లకు ఊళ్లు కొండెక్కేశాయి. అవ్వలు చెప్పిన కథ వేల ప్రాణాలను కాపాడింది.

చిన్నోళ్ల చెయ్యి పట్టుకుని...

ఇక జపాన్. 2011 మార్చి 11న అక్కడ 9.0 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ. కమైషి అనే ఊళ్లో వెయ్యి మందికి పైగా పోయారు. కానీ అక్కడి బడిపిల్లలు దాదాపు మూడు వేల మంది బతికారు.

ఆ ఊళ్లో తోషితాకా కటాడా అనే ప్రొఫెసర్ కొన్నేళ్లుగా పిల్లలకు మూడు సూత్రాలు నేర్పించారు. మ్యాప్‌లో గీసిన గీతను నమ్ముకుని కూర్చోవద్దు. ఆ క్షణంలో చేయగలిగినంతా చెయ్యి. పరిగెత్తే మొదటివాడివి నువ్వే అవ్వు. ఈ మూడోది చాలా ముఖ్యం. ప్రమాదం వచ్చినప్పుడు మనుషులు పక్కవాళ్ల మొహాలు చూస్తారు. ఎవరూ కదలకపోతే వీళ్లూ కదలరు. ఒక్కరు పరుగు మొదలుపెడితే మిగతావాళ్ల కాళ్లూ కదులుతాయి.

అచ్చం అలాగే జరిగింది. సముద్రానికి దగ్గరున్న ఓ హైస్కూల్ పిల్లలు భూకంపం తగ్గగానే పరుగు తీశారు. పక్కనున్న ప్రైమరీ స్కూల్ పిల్లలు అప్పటికి తమ బడిలోనే మూడో అంతస్తుకు చేరి ఉన్నారు. అన్నలు, అక్కలు పరిగెడుతున్నారని చూసి కిందికి దిగి వాళ్లతో కలిశారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకున్నారు. ముందుగా అనుకున్న చోటికి చేరాక, అక్కడ కొండచరియ విరిగిపడటం గమనించి, ఇది కూడా సేఫ్ కాదని ఇంకా పైకి వెళ్లారు. తర్వాత వాళ్ల బడులను, మొదట ఆగిన చోటును కూడా అల ముంచేసింది.

దీన్ని ప్రపంచం ‘కమైషి అద్భుతం’ అంది. కానీ ఆ పిల్లలు చేసింది ముందే ప్రాక్టీస్ చేసిన పనే.

ఒక్క ఫోన్ కాల్

మన బంగాళాఖాతం ఒడ్డునే, పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే మత్స్యకారుల ఊరుంది. ఆ ఊరి కుర్రాడొకరు సింగపూర్‌లో ఉంటూ టీవీలో వార్తలు చూశాడు. సముద్రం తేడాగా ఉందని ఊరి నుంచి కూడా వినగానే, అందరినీ ఖాళీ చేయించమని ఫోన్‌లోనే చెప్పాడు. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ ఆ ఊళ్లో పెట్టిన సమాచార కేంద్రానికి ఓ మైక్ సెట్ ఉంది. రోజూ అలల ఎత్తు, చేపల సంగతి చెప్పడానికి వాడే మైక్ అది. ఆ రోజు అందులోంచి ‘పరిగెత్తండి’ అని వినిపించింది. మూడున్నర వేల మందికి పైగా ఉన్న ఊరు ఖాళీ అయింది. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి. ఒక్క ప్రాణం పోలేదు.

2004లో అందరి చేతుల్లో ఫోన్ లేదు. ఇప్పుడు మీరు ఈ కథ చదువుతున్నదే ఫోన్‌లో.

సముద్రం లేని ఊళ్లో సునామీ సెంటర్

ఇప్పుడు పరిస్థితి మారింది. మన దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. అది ఎక్కడో తెలుసా? సముద్రమే లేని హైదరాబాద్‌లో! ఇన్‌కాయిస్ అనే సంస్థలో 2007 అక్టోబరు నుంచి ఇది పనిచేస్తోంది. హిందూ మహాసముద్రం చుట్టూ ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా నిమిషాల్లో పట్టేస్తుంది. సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు నీళ్ల బరువులో తేడాను చెబుతాయి. ఆ లెక్కలతో మూడు రకాల సందేశాలు ఇస్తారు. ‘వార్నింగ్’ అంటే తీరం వదిలి లోపలికి వెళ్లిపోవాలి. ‘అలర్ట్’ అంటే బీచ్ దగ్గరికి పోవద్దు. ‘వాచ్’ అంటే తర్వాతి కబురు కోసం చూడాలి.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ వ్యవస్థకు అసలైన పరీక్ష జరిగింది. భూమి పక్కకు జారింది కాబట్టి పెద్ద అల పుట్టలేదు. హెచ్చరికలు మాత్రం టైమ్‌కు వచ్చాయి.

కానీ హైదరాబాద్‌లో మోగిన గంట పట్టపుపాళెంలో వల అల్లుకుంటున్న తాతకు చేరాలి కదా? కబురు వచ్చాక ఎటు పోవాలో తెలియాలి కదా? యునెస్కో ఇందుకోసం ‘సునామీ రెడీ’ అనే గుర్తింపు ఇస్తోంది. ఊరి మ్యాప్, పారిపోయే దారి బోర్డులు, మాక్ డ్రిల్... ఇవన్నీ ఉన్న ఊళ్లకే అది దక్కుతుంది. 2020లో ఒడిశాలోని వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలు దాన్ని సాధించాయి. 2024లో అదే రాష్ట్రంలో మరో 24 ఊళ్లు చేరాయి. అలలు మన దగ్గరా అవే. మన పాళేలు కూడా ఆ వరుసలో నిలబడాలి.

నెల్లూరు పిలకాయల సూపర్ హీరో కిట్

గుర్తులు: తీరంలో ఉన్నప్పుడు భూమి గట్టిగా లేదా చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, నీళ్లు ఆగకుండా ముందుకే వస్తున్నా, సముద్రం వైపు నుంచి రైలు లాంటి పెద్ద హోరు వినిపించినా... వీటిలో ఒక్కటి చాలు. మెసేజ్ కోసం ఆగొద్దు. బయటపడ్డ చేపల కోసం, వీడియో కోసం అస్సలు ఆగొద్దు.

దారి: మన తీరంలో కొండల్లేవు. అంతా చదును. చాలా పాళేలు సముద్రానికీ బకింగ్‌హామ్ కాలువకూ మధ్య ఉన్నాయి. కాబట్టి మీ ఇంటి నుంచి కాలువ దాటే వంతెన ఎటుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో ఓసారి నడిచి చూడండి. రొయ్యల గుంటల గట్ల మీద రాత్రిపూట పరిగెత్తగలమా అన్నదీ ఆలోచించండి.

ఎత్తు: లోపలికి పోయే టైమ్ లేకపోతే తుపాను షెల్టర్ గానీ, గట్టి కాంక్రీటు బిల్డింగ్ పై అంతస్తు గానీ ఎక్కాలి.

తిరిగి రావొద్దు: సునామీ అంటే ఒక్క అల కాదు. వరసగా గంటల తరబడి వస్తాయి. రెండోది, మూడోది పెద్దది కావచ్చు. అధికారులు చెప్పేదాకా ఇంటికి పోవద్దు.

వేటలో ఉన్నవాళ్లు: నడిసముద్రంలో ఉన్న పడవ ఒడ్డుకు రాకూడదు. లోతు నీళ్లే సేఫ్. నాన్నకో, మామకో ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఫోన్: ఇన్‌కాయిస్ వారి ‘సముద్ర’ యాప్, కేంద్ర విపత్తు సంస్థ ‘సచేత్’ యాప్ వేసుకోండి. ఎమర్జెన్సీకి 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1070. ఎవరో పంపిన ఫార్వర్డ్ చూసి గ్రూపుల్లో పెట్టేయకండి. 2004 డిసెంబరు 30న కేంద్ర హోంశాఖ నుంచి వచ్చిన ఒక హెచ్చరికతోనే తీరమంతా మళ్లీ పరుగులు తీసింది. ఏ అలా రాలేదు. తప్పుడు కబురు వల్ల వచ్చే నష్టం ఏంటంటే, తర్వాత నిజమైన కబురు వచ్చినా జనం కదలరు.

మరి పెద్దవాళ్లు నమ్మకపోతే?

టిల్లీ కథలో అసలైన కష్టం ఇదే. గుర్తులు కనిపెట్టడం రెండు నిమిషాల పని. ‘నోర్మూసుకుని ఆడుకో పో’ అనే పెద్దవాళ్లను కదిలించడం కష్టం. అందుకే ఈ మాట ముందే ఇంట్లో అనుకుని ఉంచాలి. ‘నేను సముద్రం చూసి పరిగెత్తు అంటే, ముందు పరిగెడదాం, తర్వాత తిడుదువు గానీ’ అని అమ్మానాన్నలతో ఒప్పందం చేసుకోండి. పరిగెత్తాక ఏమీ రాకపోతే పోయేదేం లేదు. ఓ పూట అలసట, కాస్త నవ్వులాట.

పెద్దవాళ్లకూ ఓ మాట. ఆ రోజు టిల్లీ నాన్నకు సునామీ గురించి కూతురికి తెలిసినంత కూడా తెలియదు. కానీ కూతురి మొహంలో భయం చూసి, అది మారాం కాదని అర్థం చేసుకున్నారు. నలుగురూ నవ్వుతారేమో అనుకుంటూనే గార్డు దగ్గరికి నడిచారు. ఆ నడక లేకపోతే ఆ పాఠం ఆ పిల్ల బుర్రలోనే ఉండిపోయేది.

ఏటా నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా జరుపుతారు. మీ ఊరి బడిలో ఆ రోజు ఏం చేస్తున్నారో టీచర్‌ను అడగండి. ఏమీ లేదంటే ఒక్క పీరియడ్ ఇమ్మనండి. ఓ వీడియో, ఓ ఊరి మ్యాప్, వంతెన దాకా ఓ నడక... నలభై ఐదు నిమిషాలు చాలు. టిల్లీ విన్నది కూడా దాదాపు అంత పాఠమే.